మల్దకల్ చేనుకు వేసిన పచ్చరంగు

పీహెచ్‌డీ గ్రంథం సమర్పించే ముందు ఒకసారి పాలమూరు వెళ్లి రావాలనిపించింది. ఏ నేలను ఎలా వాడితే మట్టీ నీరూ పదికాలాలు నిలుస్తాయో కంప్యూటర్ నమూనాతో తేల్చి, అధికారుల నిర్ణయాలకు సాయపడాలన్నది నా పరిశోధన. తేలినదేమిటో, నేను తిరిగి వివరాలు సేకరించిన ఆ ఊళ్లలో చెప్పాలని నా ఆశ.

కాచిగూడలో పొద్దున్నే రైలెక్కి మధ్యాహ్నానికి గద్వాలలో దిగాను. స్టేషను దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని మల్దకల్ బస్సు పట్టుకున్నాను. నమూనాతో నేను గీసిన పటంలో పచ్చరంగంటే సాగుకు అనువైన నేల; అక్కడి రైతు తిమ్మప్ప చేను అందులో అన్నిటికంటే పచ్చగా ఉంటుంది. నిరుడు నాతోపాటు గట్ల వెంట తిరిగి, విత్తన పత్తి మానేసి కంది వేస్తానన్నాడు.

ఇప్పుడక్కడ చేను లేదు. మనిషి మునిగేంత గుంత ఉంది.

“కంది ఏసిన మేడమ్. వాన రాలే,” అన్నాడు తిమ్మప్ప. “రోడ్డుకు మట్టి గావాల్నని కాంట్రాక్టరు అడిగిండు. అమ్మిన.”

“మళ్లీ సాగుకు పనికిరాదు కదన్నా?”

“రాదు. తెలిసే అమ్మిన. మా ఆడమనిషిని కర్నూలు దవాఖానల ఏసింటి. ఏం జేయాలె?”

ఇంట్లో మంచం మీంచి ఆమె గొంతు సన్నగా వినిపించింది. “మేడమొచ్చిందా? జర చాయ్ తాగి పొమ్మను.”

తాగాను. నేలను ఎన్నో రకాలుగా విడదీసిన నా నమూనాలో గుంతన్నది లేనే లేదు.

రాత్రి గద్వాల లాడ్జిలో ఉండి, ఉదయం వనపర్తి బస్సెక్కాను. బీచుపల్లి వంతెన కింద కృష్ణ బండల మధ్య సన్నగా పారుతోంది. వనపర్తిలో ఒక అధికారి నా పటం పరిచి చూశాడు.

“రంగులు మంచిగొచ్చినయమ్మా. కాని ఏడ ఏం రావాల్నో పైన్నే ఖాయమైపోతది. మేం సంతకం పెడ్తం, అంతే.” పటం తన గదిలో గోడకు పెట్టుకుంటానన్నాడు. ఇచ్చేసి వచ్చాను.

మధ్యాహ్నం నాగర్‌కర్నూల్ చేరాను. పక్క ఊళ్లో రైతులతో మాట్లాడాలని ముందే కబురు పెట్టాను. అక్కడికి వెళ్తే వీధి వీధంతా తాళాలే. జనం పనులకు వలసపోయారు. అరుగు మీద కూర్చున్న ముసలాయన, “ఎవరికి జెప్తవమ్మా? నాకా?” అన్నాడు. ఆయనకే కాసేపు చెప్పాను. మర్యాదగా విన్నాడు.

సాయంత్రం హైదరాబాదు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కన ఎల్లమ్మ అనే ఆమె, కాళ్ల దగ్గర బియ్యం మూట, తట్ట.

“ఏం సదువుతున్నవ్ బిడ్డా?”

“భూమి గురించమ్మా.”

“మాకు గూడ ఉండె,” అంది. కల్వకుర్తి దాటకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

ఆ దారిన వెళ్లేవారికి బస్సులకు కొదవలేదు, చాయ్ ఇచ్చే చేతులకూ కొదవలేదు. ఏదో ఒకటి మారుతుందన్న నమ్మకం మాత్రం నాకెక్కడా దొరకలేదు.

నగరం పొలిమేరలో ఎల్లమ్మ లేచి మూట నెత్తికెత్తుకుంది. ఎక్కడుంటావని అడిగాను.

“తెల్వదు బిడ్డా. కూలికి తోల్కపోయే మేస్త్రి ఏడ దించితే ఆడ,” అంటూ దిగిపోయింది.