దీవికి మేం మోసుకుపోయింది

అండమాన్‌లోని ఆ చిన్న దీవికి మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన ఘనకార్యం, గదిలో ఎలుక చచ్చిందని లాడ్జి ఆమెతో గొడవ పెట్టుకోవడం.

లాడ్జి అంటే పెద్దదేం కాదు. కొబ్బరి తోటలో మూడు గదులు, ముందు ఒక వంటిల్లు. నడిపే ఆమె శ్రీకాకుళం వైపు మనిషి, పెళ్లయి వచ్చి అక్కడే స్థిరపడింది. మొదటి రెండు రోజులు చేతిసంచీలో ఉన్న కొత్త బట్టలతో గడిపాం. మూడో రోజు పొద్దున పెద్ద పెట్టె తెరిచి, సముద్రానికి వెళ్లొచ్చేసరికి గదంతా వాసన. మంచం కింద వెతికాను, తలుపు వెనక వెతికాను. ఆమె పక్క గది ఇచ్చింది. గంటలో అక్కడా అదే వాసన. నేను మళ్లీ గొంతు పెంచాను. ఆమె మా పెట్టె వంక చూసి, నా భార్యతో మెల్లగా అంది.

"అమ్మా, మరోలా అనుకోకండి. ఆ బట్టలోసారి ఉతికి ఎండేసుకోండి. మా నూతి నీళ్లు మంచివే."

మా ఇల్లు జవహర్‌నగర్‌లో. సిటీ చెత్తంతా వచ్చి పడే గుట్ట మా డాబా ఎక్కితే కనిపిస్తుంది. చుట్టాలు వచ్చి ముక్కు మూసుకుంటే, వీళ్ల సోకులు చూడు అని వెనక నవ్వుకునేవాళ్లం. మా ముక్కులు ఎప్పుడో చచ్చుబడ్డాయి. రెండు రోజుల సముద్రపు గాలికి అవి మళ్లీ పనిచేయడం మొదలుపెట్టాయి, అంతే.

ఆ పూట నా భార్య తలెత్తలేదు. బావి దగ్గర కూర్చుని ఉన్న బట్టలన్నీ ఉతికింది. కొబ్బరి చెట్ల మధ్య తాడు కట్టి ఆరేస్తూ ఉన్నట్టుండి నవ్వింది.

"గింత దూరం వచ్చి గూడ బట్టలుతుకుడేనా నా బతుకు?"

మా ఇంటి ప్లాటు కొన్నది నేను. చూపించిన రోజు గాలి గుట్ట వైపు వీస్తోంది. ఆమెను వెంట తీసుకుపోకుండా ఒక్కడినే వెళ్లి, చూసి, నచ్చిందని ఇంటికొచ్చి చెప్పాను. వాసన రాదా అని ఆమె అడిగితే, "ఏం రాదు, ఊరికె అంటరు" అన్నాను. ఇరవై ఏళ్లు ఆ మాట ఆమె నాకు ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. గుర్తు చేసి నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఆ ప్రయాణం నుంచి తిరిగొచ్చి తాళం తీసిన రోజు ఆమె గడపలోనే వాంతి చేసుకుంది. మళ్లీ అలవాటు కావడానికి పదిహేను రోజులు పట్టింది. తర్వాత నేనెప్పుడు దీవి మాటెత్తినా ఆమెది ఒకటే జవాబు.

"పోతె మస్తుగనే ఉంటది. వచ్చినంక మళ్ల మొదటిసంది నేర్చుకోవాలె గదా."

పదేళ్ల తర్వాత ఆమెకు దమ్ము మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం, మాట్లాడితే ఆయాసం. పడుకోలేకపోయేది. మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే కునికేది. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని డాక్టరు చెప్పాడు. చెత్త గుట్ట గురించి ఆయన ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. మంచి గాలి ఉన్నచోట కొన్నాళ్లు ఉంచమని మాత్రం అన్నాడు.

"అయితె ఆ దీవికే పోదమయ్యా," అంది ఆమె. "ఈసారి పెట్టె సంగతి నేను జూస్కుంట."

ఎలా చూసుకుందంటే, మేడ్చల్‌లో కొత్త పెట్టె కొనిపించి, నేరుగా శామీర్‌పేట అవతల అలియాబాద్‌లో ఉన్న తమ్ముడింటికి పంపించింది. "మనింటి గడప తొక్కనియ్యకు దాన్ని" అని నాకు గట్టిగా చెప్పింది. బట్టలన్నీ అక్కడే ఉతికించి, వాళ్ల డాబా మీద ఆరేయించి, అక్కడే సర్దించింది. మేము ప్రయాణమైంది కూడా అక్కడి నుంచే.

లాడ్జి ఆమె మమ్మల్ని గుర్తుపట్టింది. "ఎలుకను తేలేదు కదా బాబూ?" అని నవ్వింది. నా భార్య పెట్టె తెరిచి, ఒక చీర తీసి ఆమె చేతికిచ్చి వాసన చూడమంది. నేను పక్కకు తిరిగి నిలబడ్డాను.

అక్కడ ఐదు కొట్టకముందే తెల్లవారుతుంది, సాయంత్రం ఐదున్నరకే పొద్దుగూకుతుంది. మొదటి రెండు రోజులు నా భార్య గుమ్మం ముందు కుర్చీ దాటలేదు. మూడో రోజు ఇసుకలోకి నడిచింది. నాలుగో రోజు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, చీర తడుస్తోందన్న ధ్యాస కూడా లేకుండా, చిన్న చిన్న చేపలు కాళ్ల మధ్య తిరగడం చూసింది. ఆ మధ్యాహ్నం నేను గదిలోకి వెళ్లేసరికి మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. దిండ్లు కింద ఉన్నాయి. అలా పడుకోగా చూసి ఏడాది దాటింది. తలుపు దగ్గరే నిలబడి ఏడ్చాను.

లేచాక నేనే అన్నాను. "ఇగ ఆ ఇంటికి పోవద్దు. ఇట్నుంచి ఇటే మీ తమ్మునింటికి. మీదర్రల ఉందం."

"నిజంగనేనా?"

"నిజంగనే."

వాళ్ల తమ్ముడికి ఆమే ఫోన్ చేసి చెప్పింది. అతను మరునాడే మేడ మీది గదికి సున్నం వేయించాడు. మిగిలిన రోజులు ఆమె ఆ గది గురించే మాట్లాడింది, కిటికీ ఏ వైపుంది, మంచం ఏ గోడకు వేయాలి.

తిరుగు ప్రయాణంలో, విమానం దిగి ఫోన్ తెరిస్తే కాలేజీ నుంచి కబురుంది. నేను ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అటెండరును. మర్నాడు పొద్దున్నే ప్రాక్టికల్స్, ల్యాబ్ తాళాలు మా ఇంట్లో. రింగ్ రోడ్డు మీద కీసర దగ్గర దిగితే మా ఇల్లు, ఇంకా ముందుకు పోతే శామీర్‌పేట, అలియాబాద్. ఎక్కడ దిగాలని ట్యాక్సీ డ్రైవర్ అడిగాడు. ఆమె నా ముఖం చూసింది.

"ఒక్క రోజే," అన్నాను. "రేపు సాయంత్రం నేనే తీస్కపోత."

 ఇంకా వాసన మొదలుకాకముందే కొంగు ముక్కుకు పెట్టుకుంది. ఇంట్లో పెట్టె తెరవబోతే మాత్రం ఆపింది. "తెరువకు. రేపు అట్లనే తీస్కపోదం."

రేపు ఇంకో బ్యాచ్ పరీక్ష ఉందన్నారు. ఎల్లుండి మరొకటి. నాలుగో రోజు వాన పడింది. తడిసిన గుట్ట ఎలా ఉంటుందో మా కాలనీ వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆమెకు ఊపిరి అందలేదు. ఆసుపత్రిలో చేర్చిన తొమ్మిదో రోజు పోయింది.

కర్మ నాడు ఆమె కట్టుకున్న చీరలన్నీ చాకలి ఆమెకు ఇచ్చాం. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోరు. ఆ పెట్టెను మాత్రం నేను మంచం కింద దాచాను. అందులో దీవి ఉందనుకున్నాను.

మూడు నెలలకు బామ్మర్ది వచ్చాడు. "బావా, అక్క కోసమని సున్నమేసిన అర్ర అట్లనే ఉంది. నువ్వన్న వచ్చి ఉండు," అన్నాడు. ఆ పెట్టె ఒక్కటే పట్టుకుని వెళ్లాను. మేడ మీది గదిలో, ఆమె చెప్పిన గోడకే మంచం వేసి ఉంది. పెట్టె మంచం మీద పెట్టి తెరిచాను. పైన ఆ రోజు నీళ్లలో తడిసిన చీర. అందులో ముఖం పెట్టాను. ఉప్పు వాసన, కొబ్బరి నూనె వాసన. బామ్మర్దినీ అతని భార్యనూ పిలిచి వాసన చూడమన్నాను.

అతని భార్య దగ్గరికి వచ్చి, రెండడుగులు వెనక్కి వేసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"అన్నా, ఏమనుకోకు. గవన్ని ఒకపారి ఉతికి ఆరేస్త."

బామ్మర్ది లేచి కిటికీ తెరిచాడు. నేను చీరను మళ్లీ ముఖానికి ఆనించుకున్నాను. నాకు ఉప్పు వాసనే వచ్చింది.