పన్ను కట్టని కారులో సాగర్ యాత్ర

నేను ఒకసారి కారు గెలిచి ఆటో పోగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ రోజు నేను వేసిన ప్రశ్న తప్పు కాదని మాత్రం ఇప్పటికీ అంటాను.

అప్పట్లో హైదరాబాద్ చుట్టూ భూమి పేరు చెబితే జనానికి పూనకం వచ్చేది. సాగర్ రోడ్డు పొడవునా చెలకల్లో తెల్లరాళ్లు పాతి ప్లాట్లు అమ్మేవారు. ఇబ్రహీంపట్నంలో నాకు ఆటో ఉండేది. మన్నెగూడ దగ్గర ఒక వెంచర్‌కు ప్లాట్లు చూసేవాళ్లను తీసుకెళ్లేవాణ్ని. అక్కడికి వచ్చిన ప్రతివాడికీ లక్కీ డ్రా కూపన్ ఇచ్చేవారు. మొదటి బహుమతి కారు. నాది ప్లాటు కొనే మొహం కాకపోయినా, ట్రిప్పుకో కూపన్ నింపి డబ్బాలో వేసేవాణ్ని. ఒక ఆదివారం అందులోంచి నా పేరే వచ్చింది.

కారు వచ్చే ఆదివారం ఇస్తామన్నారు. తెలివైనవాడైతే ఆ వారం ఆగుతాడు. నేను ఆగకుండా ఆటోను మల్లేశ్‌కు అమ్మేశాను. అతను మా ఆటో అడ్డా మీదవాడే. "కారొచ్చినంక ఆటో ఎందుకే నాకు, ఎయిర్‌పోర్టుకు ట్యాక్సీ నడుపుత" అన్నాను. వచ్చిన డబ్బులో సగం ఫైనాన్స్ బాకీకి పోయింది, మిగతా సగం దావత్‌కు పోయింది. అడ్డా మొత్తం మటన్ తిని నన్ను సేటు అని పిలిచింది. నా భార్య అండాలు ఒక్కతే, "బండి ఇంటికొచ్చినంక పెట్టరాదా దావత్, గంత తొందరేంది" అంది. నీకేం తెల్వదు ఊకో అన్నాను. ఎవరికి తెలియదో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆదివారం మా బాపును, అంటే నాన్నను, వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయనకు సాగర్ డ్యామ్ చూడాలని ఎప్పటినుంచో కోరిక. మా ఇంటిముందు నుంచే ఆ రోడ్డు పోతుంది. జన్మంతా సాగర్ పోయే బస్సులను చూశాడే గానీ ఎక్కి పోయింది లేదు. "కార్ల తోల్కపోత బాపు" అని మాటిచ్చాను. కొత్త ధోవతి కట్టుకుని, సీటు మీది ప్లాస్టిక్ కవరు నలగకుండా వెనకాల కూర్చున్నాడు. నేను కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, డ్రైవర్ సీటులో కూర్చుని, తాళం కోసం చెయ్యి బయటికి చాపాను.

వెంచర్ మేనేజర్ ప్రసాద్ గారు గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ మనిషి. తిట్టినా అండీ అని తిడతాడు. నా చేతిలో తాళం పెట్టలేదు.

"పన్ను కట్టిన చలానా చూపిస్తే తాళం ఇచ్చేస్తానండి."

"ఏం పన్ను?"

"ప్రైజు మీద ఇన్‌కం ట్యాక్సండి. కారు ధరలో వందకి ముప్పై, ఆ పైన ఇంకొంచెం."

మీకూ ఎప్పుడైనా తగలొచ్చు, తెలుసుకోండి. లాటరీలో డబ్బు తగిలితే ఇచ్చేవాడే పన్ను కోసుకుని మిగతాది చేతిలో పెడతాడు. కారు తగిలితే ఏం కోస్తాడు? ఒక తలుపు, ఒక చక్రం ఊడదీసి సర్కారుకు పంపలేడు కదా. అందుకని ముందు పన్ను కట్టించి, ఆ తర్వాతే బండి ఇవ్వాలట.

"నేను ఆటోవాణ్ణి సారు. నా జన్మల ట్యాక్స్ కట్టలే. గంత కమాయి నాకు లేదు."

"లాటరీకి ఆ మినహాయింపు లేదండి. రూపాయి సంపాదన లేనివాడైనా కట్టాల్సిందే."

"మరి గా కూపన్ల కోసం ఎన్ని ట్రిప్పులు కొట్టిన? పెట్రోల్ ఖర్చన్న తియ్యిండ్రి."

"ఖర్చులు తియ్యరండి."

"సరే, కారు అమ్మి కడత."

"అమ్మాలంటే కారు మీ చేతికి రావాలి కదండి. చేతికి రావాలంటే ముందు పన్ను కట్టాలండి."

నాకు ఒళ్లు మండింది. "చేతికి రాని సొమ్ము మీద పన్నేంది సారు? గిదెక్కడి న్యాయం? నేను దిగ" అని తలుపు వేసుకున్నాను.

దావత్ తిన్నవాళ్లందరికీ ఫోన్లు చేశాను. నన్ను సేటు అన్నవాళ్లంతా జేబులు ఖాళీ అన్నారు. ప్లాట్లు చూడటానికి వచ్చినవాళ్లు పనిలో పనిగా నన్ను కూడా చూసి పోతున్నారు. మధ్యాహ్నం ప్రసాద్ గారు మజ్జిగ పంపించారు. మజ్జిగ తాగాను గానీ దిగలేదు. వెనక సీటులో బాపు హాయిగా గురక పెట్టాడు.

పొద్దు వాలుతుండగా లేచాడు. కళ్లు నులుముకుని, కిటికీలోంచి బయటికి చూసి, "సాగర్ అచ్చిందారా?" అని అడిగాడు.

పొద్దున్నుంచి సర్కారునే నిలదీస్తున్నవాణ్ని, ఆ ఒక్క మాటకు తలుపు తీసి కిందికి దిగాను. నిజంగా సిగ్గేసింది.

"రాలే బాపు. దిగు."

"ఇంకా గడువుందండి, డబ్బు తెచ్చి కట్టుకోండి" అన్నారు ప్రసాద్ గారు.

"ఒక్క పైస కట్ట. మీ కారు మీరే పెట్టుకోర్రి" అని, చక్రాల కింది నిమ్మకాయలు కూడా ఏరి జేబులో వేసుకున్నాను. అవి నావి, వాటికి పన్ను లేదు.

రోడ్డు మీదికి వస్తే ఎదురుగా ఒక ఆటో ఆగింది. వెనక నేను రాయించిన 'బాపు దీవెన' ఇంకా చెరపలేదు. లోపల మల్లేశ్ ఉన్నాడు.

"ఇబ్రహీంపట్నం ఎంత?" అన్నాను, ఎన్నడూ ఎరగనట్టు.

"ఇద్దరికి నలభై, సేటు."

"నా ఆటోల నాకే నలభయ్యా?"

"గిప్పుడు నాది గదనే. పెట్రోల్ ఖర్చు ఎల్లాలె గద."

నేను బేరం తెగ్గొట్టేలోపే బాపు ఎక్కి కూర్చున్నాడు. ఆటో కదిలి గాలి తగిలేసరికి కండువా సర్దుకుని, "కారు కన్న గిదే మంచిగున్నదిరా, నడుస్తున్నది" అన్నాడు.

కారు గడువు దాటి ఇంకొకరికి పోయింది. బాపును బస్సులోనే సాగర్ తీసుకెళ్లాను. టికెట్లకు అండాలు డబ్బులిచ్చింది, ఒక్క మాట కూడా అనకుండా. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కాబట్టి ఇబ్రహీంపట్నం బస్ డిపో సాక్షిగా ఒట్టేస్తున్నాను. చలానా చేతిలో లేకుండా ఇక ఏ బండి కిందా నిమ్మకాయ పెట్టను. నాకు చట్టం తెలియలేదంటే ఒప్పుకుంటాను. ఆ చట్టం న్యాయమంటే మాత్రం ఒప్పుకోను. ఒప్పిస్తానంటే రండి, కారులో కూర్చుని పొద్దు వాలేదాకా మాట్లాడుకుందాం. తాళం మాత్రం మీరే తెచ్చుకోవాలి.