ఫుట్‌నోట్ల దాకా నడిపించిన గురువు

మా గురువుగారు, దంతెవాడ న్యాయవాది వేంకటరమణయ్య గారు గురువారం ఉదయం హఠాత్తుగా పరమపదించారు. ఫోను వచ్చినప్పుడు నేను బస్సులో ఉన్నాను. దుఃఖం కంటే ముందు భయం వేసింది. ఒప్పుకోవడానికి సిగ్గుపడను. సోమవారం ముత్తమ్మ కేసులో వాదన ఉంది, వాదించవలసింది ఆయన, నేను ఆయన జూనియర్‌ని మాత్రమే.

భేజ్జి గ్రామ రైతు ముత్తమ్మ ఒక్క ఎండాకాలం యంత్రాలు నిలుపుకోవడానికి తన పొలాన్ని ఒక ఠేకేదారుకు, అంటే కాంట్రాక్టరుకు, ఇచ్చింది. ఆమె వేలిముద్ర వేసిన హిందీ కాగితంలో మాత్రం పదేళ్లని ఉంది. చదివి వినిపించినవారు లేరు. కేసు ఓడితే ఆమెకు దున్నుకోవడానికి మరో సెంటు నేల లేదు.

కిరండూల్ గని ఉద్యోగి ఇంట పుట్టిన గురువుగారు నాలుగు భాషల్లో కక్షిదారుల గోడు వినగల విద్వాంసులు. ఒప్పందాల చట్టంపై ప్రామాణిక వ్యాఖ్యాన గ్రంథాలే ఆయన సర్వస్వం. అయినా గుడ్డిగా నమ్మనిచ్చేవారు కారు. "వ్యాఖ్యాత దారి చూపిస్తాడయ్యా, నడవాల్సింది నువ్వు. ఫుట్‌నోట్ పట్టుకుని అసలు తీర్పు దాకా పో" అనేవారు. మనకు వ్యతిరేకమైన తీర్పే ముందు ఆయన బల్ల మీదికి రావాలి. అనుకూలమైనవి ఆ తరువాతే చూసేవారు.

ఒకసారి నేను పాత ముద్రణలోని పేరా కోర్టులో ఘనంగా చదివేశాను. ఆ తరువాత చట్టాన్ని సవరించారని నాకు తెలియదు, అవతలి వకీలూ పట్టుకోలేదు. గురువుగారే లేచి తల వంచి, "హుజూర్, తప్పు మాది. ఆ సెక్షన్ ఇప్పుడలా లేదు" అని విన్నవించారు. బయట టీ ఇప్పించి, "ఏ ఏటి ముద్రణో చూడకుండా పేజీ తిప్పకు నాయనా" అన్నారు.

ఈ రోజు ఆదివారం, పగలంతా ఆయన గదిలోనే ఉన్నాను. చదువురాని స్త్రీ వేలిముద్ర వేసిన పత్రాన్ని ఆమెకు అర్థమయ్యేలా చెప్పామని అవతలివారే రుజువు చేయాలంటోంది వ్యాఖ్యానం. ఆ తీర్పు దొరికింది. దానికి ఎదురుగా మరొకటీ దొరికింది. అది మమ్మల్ని ముంచుతుందా? "సార్" అని పైకే పిలిచేశాను.

గుమ్మంలో కూర్చున్న ముత్తమ్మ నా వైపు చూసింది. "పెద్ద వకీలు లేడాయె. ఇప్పుడేంది సారూ? నీకు భయమైతుందా?"

"అయితుంది ముత్తక్కా."

"నాకూ అయితుంది. గానీ వానలు దగ్గరికొచ్చినయ్. పొలం ఇడిసిపెట్టలేను గద. నువ్వు రేపు కోర్టుకు రా."

ఆ మహనీయునికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆయన లోటు తీరనిది. ఈ మాట సంతాప సభల్లో అలవాటుగా అంటుంటారు, నేను వణుకుతూ అంటున్నాను. ఇన్నాళ్లూ నా పొరపాట్లను ఆయన మోశారు. రేపు పొరపడితే అది ముత్తమ్మ పొలం మీద పడుతుంది.