మేడమీదికి లాగిన తీగ

పోయిన గురువారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఫోను వచ్చింది. అక్క పోయిందని ఆమె తమ్ముడు చెప్పాడు. ముందురోజు మామూలుగానే భోంచేసి పడుకుందట, తెల్లవారి లేవలేదట. అతను ఏడవలేదు, నేనూ ఏడవలేదు. ఎప్పుడు తీసుకుపోతారని అడిగి, చీర మార్చుకుని ఆదోని బస్టాండుకు బయలుదేరాను.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు, తోడికోడలు. మా ఆయన అన్న భార్య. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని బంధువుల పిల్లలు అడిగారు. పొగడ్తలు ఆమెకు నచ్చవు. ఎవరైనా ఎదురుగా మెచ్చుకుంటే, పొయ్యి మీద ఏదో ఉందన్నట్టు లేచి వెళ్లిపోయేది. అందుకని జరిగినవే రాస్తున్నాను.

ఆదోనిలో మా అత్తవారిది పత్తి వ్యాపారం. కింద మండీ, పైన కాపురం. మండీలో రైతులు, దలారీలు, లారీలవాళ్లు పొద్దంతా వస్తూ పోతూ ఉండేవారు. ఇంటి ఆడవాళ్లు బయటికి పోవాలంటే పెరటివైపు మెట్లు ఉన్నాయి. మండీలోకి దిగే లోపలి మెట్లు మగవాళ్లవి. ఈ మాట ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. నేను డెబ్భైల చివర కోడలిగా వచ్చేసరికే ఆ ఇంట్లో అందరికీ అది తెలిసి ఉంది, కొన్నాళ్లకు నాకూ తెలిసింది.

అక్క నాకంటే ముందే వచ్చింది. ఎమ్మిగనూరులో ఆమె తండ్రి నేతగాళ్లకు నూలు అమ్మేవాడు. కూతుర్ని కర్నూలులో ఉంచి బీయెస్సీ చదివించాడు. లెక్కలు ఆమె సబ్జెక్టు. మా ఇంట్లో ఆ చదువుకు పని లేదు. పొద్దుటి వంట అక్కది, సాయంత్రం వంట నాది. ఇద్దరం ఒకేసారి వంటింట్లో ఉంటే మాటలు పెరుగుతాయని అత్త అలా పంచింది. ఒకే ఇంట్లో ఏడెనిమిదేళ్లు ఎవరి పనికి వాళ్లుగా బతికాం. ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాళ్లం.

ఎనభైల నడుమ మా బావ, అంటే అక్క భర్త, ఒక కంప్యూటరు కొన్నాడు. బళ్ళారిలో ఎవరో మిల్లు ఆయన దగ్గర చూసి ముచ్చటపడ్డాడు. బెంగుళూరు నుంచి ఇద్దరు కుర్రవాళ్లు దాన్ని తెచ్చి, మండీలో ఒక మూల అద్దాల గది కట్టించి పెట్టారు. పత్తి నుసి లోపలికి పోతే పాడవుతుందని చెప్పారు. మండీలో నుసి లేని చోటు ఎక్కడిది? గుమాస్తా దాని మీద తన పంచె ఒకటి ఉతికి కప్పేవాడు. పొద్దున దండం పెట్టి, ఆ తరువాతే స్విచ్చి వేసేవాడు. ఆ కుర్రవాళ్లు ఆయనకు కొన్నాళ్లు నేర్పి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక మిషను చాలావరకు ఆ పంచె కిందే ఉండిపోయింది.

దానితోపాటు లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు వచ్చాయి. కింద చదివేవాళ్లు లేక బావ వాటిని పైకి తెచ్చి బీరువా మీద పడేశాడు. వంట అయ్యాక అక్క వాటిని ఒక్కొక్కటే దించి చదివేది. కిటికీ దగ్గర కూర్చుని, లేని మీటల మీద వేళ్లు ఆడిస్తున్నట్టు మోకాలి మీద తట్టుకుంటూ ఉండేది. నాకు అప్పట్లో అది వింతగా తోచింది.

మిషనుతో వచ్చిన పెట్టెల్లో ఇంకొకటి విప్పకుండా ఉందని ఆమెకు ఆ పుస్తకాల్లోనే తెలిసింది. అది రెండో తెర, దానికో మీటల పలక. అందులో సొంతంగా బుద్ధి ఏమీ ఉండదు. కింద ఉన్న మిషనుకు తీగతో కలిపితే చాలు. ఇక్కడ నొక్కితే అక్కడ పని జరుగుతుంది, జరిగింది ఇక్కడ కనిపిస్తుంది. ఒక సాయంత్రం మామ భోజనానికి కూర్చున్నప్పుడు బావ ఆ మాట ఎత్తాడు.

"నాయనా, ఆ రెండో తెరను పైన పెట్టిస్తే, పత్తి బేళ్ల లెక్క ఆమె చూసుకుంటానంటాంది."

"ఆడమనిషి మండీలో కూర్చుంటాదా?" అన్నాడు మామ.

"ఆమె దిగదు. పైనే ఉంటాది. తీగ ఒకటి మెట్ల గుండా లాగితే సాలు."

మామ మజ్జిగన్నం కలుపుకున్నాడు. "దిగకుంటే నాకేం? లాగించుకోండి" అన్నాడు.

అలా మేడమీదికి తీగ వచ్చింది. ధాన్యం బస్తాలు ఉండే చిన్నగదిలో ఒక బల్ల వేసి తెర పెట్టారు. పొద్దుటి వంట కాగానే అక్క చేతులు కడుక్కుని, తువ్వాలుతో వేలివేలూ తుడుచుకుని, గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని కూర్చునేది. గాజులు తీసి పక్కన పెడితే అత్త ఊరుకోదు, తియ్యకపోతే పలకకు తగిలి చప్పుడు. ఏ రైతు పత్తి ఏ రకం, ఎన్ని బేళ్లయింది, ఏ లారీ ఎక్కడికి పోయింది, అన్నీ పైనుంచే ఎక్కించేది. కింద గుమాస్తా సరుకు చూసి చెప్పాల్సినవి తన తెర మీద కొట్టేవాడు. అవి ఈమె తెర మీద కనిపించేవి. మిషనుకు తెలుగు రాదు కాబట్టి ఇద్దరూ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టుకునేవారు.

ఆ గుమాస్తా ఆ ఇంట్లో పాతికేళ్లుగా ఉన్న పెద్దమనిషి. పెద్దకోడలితో అంతవరకు ఒక్కమాట మాట్లాడి ఎరుగడు. ఎదురైతే తల దించుకునేవాడు. తెర మీద మాత్రం ప్రతి వాక్యం చివర 'అమ్మా' అని కొట్టేవాడు. లారీ వచ్చినాది అమ్మా. కరెంటు పోయేట్టుంది అమ్మా, ఎక్కించిన లెక్క దాచిపెట్టుకోండి. అక్క ఆ తెర చూసి నవ్వుకోవడం చాలాసార్లు చూశాను. అంతకుముందు ఆమెకు పళ్లు కనిపించేట్టు నవ్వడం వచ్చని నాకు తెలియదు.

గుమాస్తా భార్యకు జబ్బు చేసింది. అక్కకు సంగతి తెలిసి రోజూ అడిగేది, ఆయన రోజూ జవాబిచ్చేవాడు. ఒకరోజు అద్దాల గదిలో ఆయన పక్కన ఒక దలారీ నిలబడి ఉండగా, తెర మీద తనంతట తానే ఒక వరుస వచ్చింది. మీ ఇంటామెకు జరం తగ్గిందా అని.

"ఎవరు రాస్తాండేది?" అని అడిగాడు దలారీ.

గుమాస్తాకు అబద్ధం చేతకాదు. "పైన పెద్దకోడలమ్మ" అన్నాడు.

నాలుగు రోజుల్లో ఆ మాట మార్కెట్ యార్డు అంతా తిరిగి, ఆకారం మారి ఇంటికి వచ్చింది. మామ కోపిష్టి కాడు. పైకి వచ్చి ఎవరినీ ఏమీ అనలేదు. కిందికి పోయి గుమాస్తాతోనే తీగ పీకించాడు. ఆయన మెట్లన్నీ వంగి వంగి దిగుతూ, దాన్ని ఎక్కడా మెలిక పడకుండా చుట్టలు చుట్టుకుంటూ పోయాడు. అక్క గది గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. అత్త మాత్రం సాయంత్రం దాకా అంటూనే ఉంది. "సదువుకున్నదాన్ని తెచ్చుకున్నందుకు బాగా అయింది. కొన్నాళ్లు ఎమ్మిగనూరికి పంపండి, ఊరి నోర్లు మూతపడ్తాయి." బావ తల ఎత్తలేదు.

అక్క ఏడుస్తుందని అనుకున్నాను. ఏడవలేదు. రెండు మూడు రోజులు వంట చేసింది, బట్టలు మడతపెట్టింది. ఆ తరువాత ఒక పొద్దున, మండీ నిండా జనం ఉన్న వేళ, వంట ముగించి చేతులు తుడుచుకుంది. గాజులు పైకి తోసుకుంది. లోపలి మెట్ల దగ్గరికి నడిచింది. ఎందుకో నేను ఆమె వెనకే వెళ్లాను. కాని పై మెట్టు మీదే ఆగిపోయాను. అక్కడినుంచి మండీ సగం కనిపిస్తుంది.

ఆమె దిగుతుంటే కింద మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మామ పరుపు మీద కూర్చుని ఉన్నాడు. ఇంటి ఆడది ఆ మెట్లు దిగి వస్తోందంటే ఏదో ప్రాణం మీదికి వచ్చిందనుకున్నాడు పాపం. సగం లేచాడు.

"ఏమ్మా, ఇంట్లో ఎవరికన్నా బాగలేదా?"

"అందరూ బాగుండారు మామా. పని నిలిచిపోయింది. సేద్దామని వచ్చినాను."

అద్దాల గదిలోకి పోయింది. గుమాస్తా లేచి కుర్చీ వదిలి గోడకు అంటుకుని నిలబడ్డాడు. ఆమె కూర్చుంది. అప్పుడు మామ వైపు తిరిగి, పైన నాకు కూడా వినబడేంత గొంతుతో, తొందర లేకుండా అంది.

"తీగ ఉంటే పైన కూర్చుంటాను. తీగ లేకుంటే ఈడ కూర్చుంటాను. మీరు యాడ కూర్చోమంటే ఆడ కూర్చుంటాను మామా. పని మాత్రం ఇడిసిపెట్టను."

ఆ రోజు తెర చూసి అడిగిన దలారీ కూడా ఆ జనంలోనే ఉన్నాడు. మామ వాళ్లందరినీ ఒకసారి చూశాడు, ఆమెను చూశాడు. అప్పుడాయన మనసులో ఏమనుకున్నాడో తరువాత కూడా ఎప్పుడూ చెప్పలేదు. పరుపు మీద మళ్లీ కూర్చున్నాడు. గుమాస్తాతో, "ఆ ఫ్యాను ఇటుంది. అమ్మ దిక్కు తిప్పు" అన్నాడు. దలారీల వైపు తిరిగి, "ఊ, రేటు యాడి దాకా వచ్చినాము?" అన్నాడు.

అంతే జరిగింది. ఆ రోజు నుంచి అక్క కిందే పని చేసింది. ఊరు కొన్నాళ్లు మాట్లాడుకుని, ఇంకో విషయం దొరికితే అటు పోయింది. అత్త ఆమెతో మాట్లాడటం మానేసింది, వాన కురిసి పత్తి తడిసిన ఏడాది మళ్లీ మొదలుపెట్టింది.

కొన్నాళ్లకు అక్క తీగను మళ్లీ పైకి లాగించింది. ఎందుకని అడిగితే, "నీకు" అంది. నా చదువు పదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టడం వచ్చు, అంతవరకే. నాకు రాదని చెప్పాను. "రాకుంటే రాదని మిషనే సెప్తాది, కోప్పడదు. మనుషుల మాదిరి కాదు" అంది.

మొదటిరోజు పైన తెర మీద ఒక వరుస వచ్చింది. అన్నం తిన్నావా అని. తిన్నాను అని కొట్టడానికి నాకు చాలాసేపు పట్టింది. ఒక్కో అక్షరాన్ని పలక అంతా వెతుక్కున్నాను. ఆమె ఓపికగా ఉంది. మధ్యలో ఏమీ పంపలేదు. నేను కొట్టిన మాట కిందికి చేరగానే, మెట్ల గుండా ఆమె దగ్గు ఒకటి వినిపించింది. చేరిందని చెప్పడం అన్నమాట.

ఇలా ఇద్దరం మాట్లాడుకోవడం మొదలైంది. ముఖాముఖి అలవాటు లేనిది తీగ మీద సులువైంది. చాలావరకు లారీలు, బేళ్లు, కూరలు. ఒక మధ్యాహ్నం అత్త నిద్రపోతోంది, మండీలో సద్దు లేదు. నేను ఏదో లెక్క ఎక్కించడానికి కూర్చుని, దాన్ని వదిలేసి వేరేది కొట్టాను. అంతకు రెండేళ్ల ముందు నాకు కడుపులో బిడ్డ పోయింది. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు. నాకు ఆ బిడ్డ ఇంకా గుర్తుకు వస్తుందని, ఎవరితో అనాలో తెలియడం లేదని కొట్టాను. కొట్టి, చెరిపే మీట ఎక్కడుందో వెతుకుతుండగానే వరుస కిందికి పోయింది.

తరువాత ఒక ప్రశ్న వచ్చింది. పేరేమన్నా అనుకున్నావా?

అనుకున్నాను. ఎవరికీ చెప్పని ఆ పేరు కొట్టాను. కింద ఆమె అదే పేరును మళ్లీ కొట్టి నాకు పంపింది. ఇంకేమీ రాయలేదు. సాయంత్రం నేను వంటింట్లోకి పోయేసరికి, అత్త పంపకాన్ని లెక్కచేయకుండా అక్క అక్కడ కూర్చుని వంకాయలు తరుగుతూ ఉంది. ఆ విషయం మేము నోటితో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ తరువాత నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. మా ఇద్దరికీ తెలిసిన ఆ పేరు మాత్రం వాళ్లెవరికీ పెట్టలేదు.

ఆ దశాబ్దం చివర మామ పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. మండీ మా ఆయనకు వచ్చింది. బావ ఎమ్మిగనూరుకు పోయి అక్క తండ్రి నూలు అంగడిలో చేరాడు. పాత మిషను అప్పటికే మూలపడింది. అక్క తన పుట్టింటి ముందుగదిలో, టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటర్లు రెండు పెట్టి, నేతగాళ్ల ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. రెంటినీ తీగతో కలిపింది. ఒకటి ముందుగదిలో, ఒకటి లోపలి గదిలో. ఒకే గదిలో పెడితే స్థలం కలిసివస్తుంది కదా అని నేను అంటే, "ఎదురుగా ఉంటే నోటితోనే సెప్పుకుంటారు. తీగ ఎందుకో తెలియదు" అంది.

ఆ మొదటి ఎండాకాలం నేను ఆమెను చూడటానికి వెళ్లాను. బయట మగ్గాల చప్పుడు. చేతులకు రంగు ఇంకా ఆరని ఇద్దరు పిల్లలు వచ్చారు. ఒకదాన్ని ముందుగదిలో కూర్చోబెట్టి, ఇంకొకదాన్ని లోపలికి పంపి, నడిమి తలుపు మూసింది. ముందుగది పిల్ల నాలుక బయటపెట్టి, ఒక వేలితో, తన పేరు కొట్టసాగింది. అక్క ఆ పిల్ల దగ్గర నిలబడలేదు, తలుపు తీసి రెండోదాన్ని చూడనూ లేదు. రెండు గదుల నడిమి గోడకు చెవి ఆనించి, అరచేయి సున్నం మీద పరిచి నిలబడింది. అవతల ఆ పిల్ల, "వచ్చినాది, వచ్చినాది" అని అరిచింది. అక్క కళ్లు మూసుకుని అలాగే గోడకు ఆనుకుని ఉంది.