వాలు చూసి ఇల్లు కట్టిన బాబాయిగారు

ఓ హీరోయిన్ తరఫున వెక్కి వెక్కి ఏడుస్తుండగా మా బాబాయిగారు పోయారన్న కబురు వచ్చింది. డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడి ఏడవడం నా ఉద్యోగం. అద్దం అవతల నుంచి ఎవరో చెయ్యి ఊపుతుంటే, ఏడుపు చాల్లేదేమో అనుకుని ఇంకాస్త గట్టిగా ఏడ్చాను. బయటికి వచ్చాక సంగతి చెప్పారు. మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నవారు మళ్ళీ లేవలేదట. ఇన్నేళ్ళూ ఊరందరి కోసం ఏడ్చినదాన్ని, సొంతానికి ఏడవాల్సి వచ్చేసరికి కంట్లో చుక్క రాలేదు. థియేటర్ మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను.

బాబాయిగారంటే రక్తసంబంధం కాదు. ఫిల్మ్‌నగర్‌లో వాళ్ళింటి పై వాటాలో నేను కిరాయికి ఉంటాను. మాది గుంటూరు వైపు, అందుకని ఆయన నాకు బాబాయిగారు, ఆవిడ పిన్ని. వాళ్ళది బోరబండ, అందుకని నేను వాళ్ళకి బిడ్డను. ఇంటివాళ్ళకీ కిరాయిదారుకీ ఉండాల్సిన తగాదాలన్నీ మా మధ్య ఉండేవి, కాకపోతే సాయంత్రం చాయ్ దగ్గర తేలిపోయేవి.

ఆయన్ని మీరు చూసే ఉంటారు. వెనక నుంచి. కారు నడపడం రాని హీరోలకు, వచ్చినా భయపడే హీరోలకు ఆయన డూప్. హీరో కారెక్కి తలుపు వేసుకునేదాకా హీరో. ఆ తర్వాత గోడ దూకేదీ, లారీ కిందనుంచి దూరేదీ మా బాబాయిగారు, హీరోగారి చొక్కా వేసుకుని, విగ్గు పెట్టుకుని. హీరోయిన్ కారు నడపాల్సి వచ్చినా ఆయనే. ఓసారి జూబ్లీహిల్స్ రోడ్డు మీద అలాంటి షాటు తీస్తూ భోజనానికి ఆపితే, ఇల్లు దగ్గరే కదా అని ఎర్రచీర, పొడుగు జడ, గుబురు మీసాలతో సహా ఇంటికి వచ్చేశారు. తలుపు తీసిన పిన్ని ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, "గా చీర ఏడ కొన్నరో అడిగిరా పో" అంది. అన్నం మాత్రం పెట్టింది.

నేను హీరోయిన్లకు గొంతు, ఆయన హీరోయిన్లకు వీపు. "మనిద్దరం గలిస్తె సగం హీరోయిన్ తయారైతది బిడ్డా" అనేవారు. మిగతా సగానికి పారితోషికం ఎంతో ఇద్దరికీ తెలుసు కనక ఆ మాట అక్కడితో ఆపేవాళ్ళం.

సినిమాల్లో అంత దూకిన మనిషి, సొంత కారు నడిపితే మాత్రం ఎద్దుబండే నయం. గుండ్రటి బానెట్ ఉన్న పాత తెల్లకారు అది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర వెనకనుంచి ఆటోవాళ్ళు హారన్ కొట్టి కొట్టి, పక్కకొచ్చి, "ఏంది తాతా, పెండ్లి ఊరేగింపా?" అని అడిగి వెళ్ళేవారు. ఆయన చిరునవ్వు చెదరనిచ్చేవారు కాదు. "ఉరుకుమంటె ఉరుకుడు నా కొలువు. ఇంటికాడ గూడ కొలువు జేస్తనా?" అనేవారు.

ఆ కారు స్టార్టరు ఎప్పుడు చచ్చిపోయిందో ఆయనకే గుర్తులేదు. బాగు చేయించరేమని నేను అడిగితే, "వాలు ఉండంగ స్టార్టరెందుకు?" అన్నారు. ఇల్లు కట్టేనాటికి ఆ చుట్టుపక్కల అన్నీ బండరాళ్ళేనట. అందరూ వాస్తు చూసుకుని స్థలాలు కొంటే, ఈయన వాలు చూసుకుని కొన్నారు. ఇంటి ముందు కారును ఎప్పుడూ దిగువకు మొహం పెట్టి ఆపేవారు. ముందు చక్రానికి అడ్డంగా ఓ నల్లరాయి. ఆ రాయి తీసి, బ్రేకు వదిలి, కారు నాలుగిళ్ళు దొర్లాక గేరు వేస్తే, ఇంజను దగ్గి దగ్గి లేచేది. రాయి డిక్కీలో కూర్చుని మాతోపాటే ఊరంతా తిరిగేది, ఎందుకంటే అవతల ఆపడానికీ అదే కావాలి. పెళ్ళికి పిలిస్తే ముందు అడిగే ప్రశ్న, ఫంక్షన్ హాలు ఎత్తు మీద ఉందా అని. "దిగువకు మొకం వెట్టి ఆపుకున్నోనికి తోసెటోళ్లతోని పని లేదు బిడ్డా" అన్నది ఆయన వేదాంతం. నాకు డ్రైవింగ్ కూడా అలాగే నేర్పారు. బ్రేకు నేర్చుకో, పోవుడు అదే పోతది అని.

పిన్ని ఎప్పుడూ వెనక సీట్లోనే. ముందు సీటు నిండా విగ్గుల సంచి, పనిముట్లు, ఓ దుప్పటి. అలా వెనక ఎడమవైపు కూర్చోవడం మొదలుపెట్టి, ఆయన వేషాలు మానేసి ముందు సీటు ఖాళీ అయ్యాక కూడా అక్కడే స్థిరపడిపోయింది. దాంతో బంజారాహిల్స్‌లో ఏ ఆసుపత్రికి వెళ్ళినా వాచ్‌మన్లు ఆమెకు సలాం కొట్టి, ఈయన్ని "డ్రైవర్, బండి తియ్" అని అదిలించేవారు. దానికి ఆయన మురిసిపోయేవారు. ఆదివారం సాయంత్రం షికారుకు బయల్దేరితే, "ఎటు వోదాం ఓనరమ్మా?" అని అడగాల్సిందే. "ఓనరమ్మ లేదు గీనరమ్మ లేదు, సీదా పోనియ్యి" అని ఆవిడ కసరాల్సిందే.

ఇంకో సంగతి. డ్రైవరు తలపైన ఉండే అద్దంలో వెనక రోడ్డు కనపడాలని కదా లోకరీతి. ఆయన అద్దంలో వెనక సీటు కనపడేది. ఆ అద్దంలోకి చూస్తూ ఆయన బండి నడపడం, "నన్ను గాదయ్యా, రోడ్డు జూడు" అని ఆవిడ అనడం ప్రతి ఆదివారం ఉన్నదే. "నేను జూడకున్నా రోడ్డు గాడనే ఉంటది" అని ఆయన జవాబు.

పెద్దకర్మ అయిన మర్నాడే కారు మీద చర్చ మొదలైంది. వాళ్ళకు ఒక్కడే కొడుకు, వెంగళరావునగర్లో ఉంటాడు, మంచివాడే. కానీ ఆ కారంటే అతనికి గుండె దడ. అమ్మ ఒక్కతే ఉండే ఇంటి ముందు, వాలు మీద, రాయి ఆధారంగా నిలబడ్డ కారు కదా, అతన్నీ తప్పుపట్టలేం. పైగా ఓ సినిమా కంపెనీ మేనేజర్ వచ్చి అడిగిపోయాడు. క్లైమాక్సులో పేల్చేయడానికి వాళ్ళకు సరిగ్గా ఇలాంటి తెల్లకారే కావాలట.

"అమ్మా, నాన్న సినిమాలల్ల బతికిండు. బండి సినిమాల పోతది. గింతకన్న మంచి సావు దొరుకుతదా దానికి?" అన్నాడు అబ్బాయి.

"మీ నాయిన ఊరోళ్ల బండ్లన్ని తుక్కు జేసిండు గని, గీ బండిని ఒక్కనాడు షూటింగుకు ఇయ్యలే. నా పేరు మీద రాయించు. నా తోటి ఉంటది" అంది పిన్ని.

చివరికి అబ్బాయి ఓ షరతు పెట్టాడు. పేరు మారాలంటే బండిని ఆర్టీఏ ఆఫీసుకు తీసుకెళ్ళి చూపించాలి. "అది దాని కాళ్ల మీద అది పోయి, పాసై, ఇంటికొస్తే నాకు అభ్యంతరం లేదని సంతకం పెడ్త. నడుమ ఆగిపోయి తోయించుకున్నదనుకో, సినిమావోళ్లకే" అన్నాడు. పిన్ని సరేనంది. నడపాల్సింది మాత్రం నేను.

ముందు ఒకరోజు కాగితాల కోసం ఆటోలో ఆ ఆఫీసుకు వెళ్ళాం. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే, "ఓనర్ రావాలమ్మా" అన్నాడు. చనిపోయారని చెప్పాను. "సారీ మేడమ్. అయితే ఓనర్ సైన్ ఉండాలి" అన్నాడు అలవాటు కొద్దీ, తర్వాత నాలుక కరుచుకుని, డెత్ సర్టిఫికెట్, వారసుల సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ అంటూ ఏకరువు పెట్టాడు. పిన్ని అంతా విని, "మనిషి పోనీకి ఒక్క కాయితం సరిపాయె. బండి ఉండనీకి గిన్ని గావాల్నా?" అంది. ఆ కుర్రాడు నవ్వాడు.

తనిఖీ రోజు పొద్దున్నే రాయి తీసి డిక్కీలో పెట్టాం. పిన్ని వెనక ఎడమవైపు కూర్చుంది. అబ్బాయి సాక్షిగా బైకు మీద వెనకాలే వచ్చాడు. కారు దొర్లింది, దగ్గింది, లేచింది. దారి పొడుగునా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఇంజను ఆగకూడదని యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నాను. మా వెనక ఉన్నవాళ్ళు పొగలో దగ్గుతూ ఏమేం తిట్టారో నాకు వినపడలేదు. కాగితాల కోసం ఆటోలో వచ్చినప్పుడు పట్టించుకోలేదు గానీ, ఆఫీసు ఆవరణ అరచేతిలా చదునుగా ఉంది. ఎటు చూసినా దిగువ లేదు. ఇంజను ఆపకుండా వరసలో నిలబడ్డాను.

ఇన్‌స్పెక్టరుగారు నెమ్మదస్తుడు. లైట్లు చూశాడు, హారన్ కొట్టించాడు. తర్వాత లోపలికి తల పెట్టి, "ఇదేంటండీ, ఈ అద్దంలో వెనక సీటు కనపడుతోంది?" అంటూ దాన్ని తిప్పబోయాడు.

"దాన్ని అంటకు సారూ" అంది పిన్ని.

"వెనక ఏముందో డ్రైవర్‌కి తెలియాలి కదమ్మా."

"వెనక నేనున్న" అంది పిన్ని.

ఆయన ఆమె వంక చూశాడు. ఖాళీ నుదురూ, ఒళ్ళో కాగితాల సంచీ చూశాడు. "పక్కన అద్దాలు రెండూ బాగానే ఉన్నాయిలెండి" అని చెయ్యి తీసేశాడు. తర్వాత బానెట్ ఎత్తి, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీయబోయాడు. బండి వణుకుడికి అచ్చు అలుక్కుపోయింది. "ఇంజను ఆపండి" అన్నాడు.

నేను వినపడనట్టు ఊరుకున్నాను. మళ్ళీ అన్నాడు. ఆపాను. ఆ నిశ్శబ్దంలో నాకు సినిమావాళ్ళ మంటలు కళ్ళముందు కనిపించాయి.

అచ్చు చక్కగా వచ్చింది. "ఓకే, బండి తీయండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నేను తాళం తిప్పాను, మర్యాద కోసం. కిర్రుమని కూడా అనలేదు. వెనక వరసలో వాళ్ళు హారన్లు మొదలుపెట్టారు. పిన్ని బండి దిగలేదు, కాగితాల సంచి గుండెలకు హత్తుకుని ముందుకే చూస్తోంది.  అదంతా నాకు అద్దంలో కనపడుతోంది.

అబ్బాయి బైకు దిగి వచ్చాడు. మమ్మల్ని చూశాడు, చదునుగా ఉన్న ఆ ఆవరణంతా చూశాడు. హెల్మెట్ తీసి బానెట్ మీద పెట్టాడు, మళ్ళీ తీసి నా పక్క సీట్లో పెట్టాడు. వెనక్కి వెళ్ళి, చొక్కా చేతులు మడిచి, డిక్కీ మీద రెండు చేతులూ ఆనించాడు.

"షరతు?" అన్నాను కిటికీలోంచి తల బయటపెట్టి. ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

"చిన్నప్పుడు మా దోస్తులందరు వాళ్ల నాయినల బండ్లు తోసెటోళ్లక్కా. నాకు ఒక్కసారన్న తోయాలని ఉండె. మా నాయిన ఎన్నడు మోక ఇయ్యలే. ఎప్పుడు జూడు దిగువకే ఆపుతుండె." డిక్కీ మీదికి ఇంకాస్త వంగి, "జర గేరు సూస్కో" అన్నాడు.

వరసలో హారన్ కొట్టినవాళ్ళే దిగొచ్చి తలో చెయ్యి వేశారు. కౌంటర్ కుర్రాడు కిటికీలోంచి "సెకండ్ గేర్ మేడమ్, సెకండ్" అని అరిచాడు. అవసరం లేదు, ఆ సంగతి నాకు బాబాయిగారే నేర్పారు. కారు దగ్గి, లేచి, ఆవరణ చుట్టూ ఓ ప్రదక్షిణం చేసింది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. మైకు లేదు, టేకు లేదు, ముక్కు చీదుకోవడానికి రుమాలు కూడా లేదు. ఇంటికి చేరాక అబ్బాయి బానెట్ మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు, వేడికి చెయ్యి కాలుతున్నా.

కొన్నాళ్ళకు కొత్త ఆర్సీ కార్డు పోస్టులో వచ్చింది. ఓనరు పేరు చదవమంది పిన్ని. చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"లేని ఓనరమ్మను ఇన్నేండ్లు పిలిచె. ఇప్పుడు నిజంగ అయిన, పిలిచెటోడు లేకపాయె" అంది. నేను లేచి వెళ్ళి చాయ్ పెట్టుకొచ్చాను.

ఆ ఆదివారం సాయంత్రం ఆమే తయారై వచ్చి వెనక ఎడమవైపు కూర్చుంది. నేను రాయి తీసి డిక్కీలో పెట్టి, బ్రేకు వదిలాను. ఎటు వెళ్దామని అడగబోయి మానుకున్నాను, ఆ మాట నాది కాదు. కారు చప్పుడు లేకుండా వాలు మీద దొర్లడం మొదలుపెట్టింది. అడ్డంగా ఓ కుక్క పడుకుని ఉంటే దాన్ని తప్పించడం మీదే నా కళ్ళన్నీ ఉన్నాయి.

"నన్ను గాదయ్యా, రోడ్డు జూడు" అని వినపడింది వెనకనుంచి.

అప్పటిదాకా నేను రోడ్డునే చూస్తున్నాను. అప్పుడు తలెత్తి అద్దంలోకి చూశాను. పిన్ని ఆర్సీ కార్డుతో విసురుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది.