డోరతీ ఇంట్లో మడిచిన నాప్కిన్

“అమ్మమ్మా, ఆ నాప్కిన్ మడతపెట్టకు! డోరతీ ఆంటీ ఫీల్ అవుతోంది.”

“గుడ్డ మడిస్తే ఫీలవడానికేముందే? మూతి ఒక్కసారి తుడుచుకున్నాను. మరకైనా లేదు, ఆవిడకి ఉతికే పని తప్పుతుంది.”

అమెరికాలో, చాండ్లర్ ఊళ్ళో మా అమ్మాయి పక్కింటావిడ డోరతీ నన్నూ, నా మనవరాలు అనికనూ భోజనానికి పిలిచింది. తినడం అయ్యాక ఆవిడ బల్ల దగ్గరే మాకీ గొడవ. డెబ్బై దాటిన ఆ మనిషి మొహం నిజంగానే చిన్నబోయింది.

“ఫస్ట్ టైమ్ వచ్చిన గెస్ట్ మడిస్తే మళ్ళీ రారంట. వాళ్ళ మమ్మీ చెప్పేదంట. అంకుల్ చనిపోయాక డిన్నర్‌కి వచ్చింది మనమే అంట,” అంది అనిక.

ఇలాంటివి నమ్మే తీరిక నాకు లేదు. కానీ మేమూ తిన్న విస్తరిని తద్దినానికి అవతలికి మడుస్తాం. శుభకార్యమైతే, మళ్ళీ రావాలని మనవైపు మడుస్తాం. ఎవరైనా తిరగేసి మడిస్తే నేను మాత్రం ఊరుకుంటానా?

“నావైపే మడిచానని చెప్పవే. మా దగ్గర అలా మడిస్తే మళ్ళీ వస్తామని.”

అనిక ఇంగ్లీషులో చెప్పింది. డోరతీ తలూపింది గానీ చూపు ఆ గుడ్డ మీదే ఉంది. ఇక లాభం లేదని మడత విప్పి బల్ల మీద పెట్టాను.

మర్నాడు ఏడింటికి, అనిక లేవకముందే, వెళ్లి డోరతీ తలుపు తట్టాను. నాకు ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఆవిడ కాఫీ పోసింది. తాగి, ఇంకో కప్పు పోయించుకున్నాను.