వీపు తిప్పి వినే ఆంటీ

మా క్లెమెంటి ఆంటీ పోయారు. అమెరికా నుంచి ఆవిడ చెల్లెలి కూతురు పంపిన మెసేజ్ ఆదివారం పొద్దున నేను దోసెలు పోస్తుంటే వచ్చింది. నిద్రలోనే వెళ్లిపోయారట. ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మాడు వాసనకి మా అబ్బాయి వచ్చి స్టవ్ కట్టేశాడు. “హూ ఈజ్ షీ, మా? మన రిలేటివ్ ఆ?” అని అడిగాడు. “మా ఆంటీ” అన్నాను.

ఆంటీ అమెరికన్. నాటకాలు రాసేవారు. న్యూయార్క్‌లో ఆడిన నాటకానికి పెద్ద అవార్డే వచ్చింది. తర్వాత సినిమావాళ్లు పిలిస్తే కాలిఫోర్నియా వెళ్లి కథలూ మాటలూ రాశారు, అక్కడా ఒక అవార్డు తెచ్చుకున్నారు. “సినిమాలో నా మాటలు నలుగురి చేతులు మారి తెర మీదికొచ్చేవి. హాల్లో కూర్చుని వాటిని గుర్తుపట్టలేకపోయేదాన్ని” అని నవ్వేవారు. అందుకే మళ్లీ నాటకాల్లోకి వచ్చేశారట. ఆ అవార్డులేవీ ఆంటీ ఫ్లాట్‌లో నాకు కనపడలేదు. ఎక్కడున్నాయంటే, “మా చెల్లికి షోకేసుంది, నాకు లేదు” అన్నారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు సింగపూర్‌కి రా రమ్మని పిలుస్తున్న రోజులవి. మా ఆయన బ్యాంకు ప్రోగ్రాములు రాసేవాడు, నేను వాటిలో తప్పులు పట్టేదాన్ని. క్లెమెంటి పేటలో మేం అద్దెకున్న ఫ్లాట్‌కి ఎదురుగా ఉండి, ఆంటీ దగ్గర్లోని యూనివర్సిటీలో నాటక రచన చెప్పేవారు. మొదటిసారి ఆంటీ అని పిలిస్తే, “నేనెవరి ఆంటీనీ కానే!” అని కంగారుపడ్డారు. ఇక్కడ పెద్దవాళ్లంతా ఆంటీలే అన్నాను. కొన్నాళ్లకి మా బెల్లు కొట్టి “ఆంటీని” అని ఆవిడే చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఆ ఏడు ఉగాదికి మా తెలుగువాళ్ల కోసం ఒక నాటిక రాశాను. పెళ్లయి కొత్తగా సింగపూర్ వచ్చిన అమ్మాయి, మొగుడితో కీచులాటలు, ఒంటరితనం. అమ్మకి ఫోన్ చేసినప్పుడల్లా అంతా బాగుందనే చెబుతుంది. చివర్లో దాచుకున్నదంతా ఫోన్‌లో కక్కేస్తుంది. పేజీన్నర డైలాగు. రాస్తూ నేనే ఏడ్చాను, అంత గొప్పగా ఉందని నా నమ్మకం.

రిహార్సలు మా బ్లాక్ కింద గోడల్లేకుండా ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో. కథ చెబితే ఆంటీ వింటానన్నారు. తెలుగు కదా, ఏం అర్థమవుతుంది అంటే, “అందుకే బాగా వినపడుతుంది” అన్నారు. ఆవిడ పద్ధతే అది. ఎవరి నాటకమైనా కాగితం ముట్టుకునేవారు కాదు. పైకి చదివించుకుని, వీపు తిప్పి కూర్చుని వినేవారు. ఆ రోజూ చదరంగం గళ్లున్న రాతిబల్ల దగ్గర స్టూలు మీద అటు తిరిగి కూర్చున్నారు.

మనవాళ్ల సంగతి తెలిసిందే. మన స్టేజీల మీద మైకు నడిమధ్యన వేలాడుతుంది కాబట్టి ఏ పాత్ర అయినా దాని కిందికి నడిచొచ్చి జనం వైపు తిరిగి మాట్లాడాల్సిందే. ఇక్కడ మైకూ లేదు, జనమూ లేరు. అయినా మా నాటికలో మొగుడూ పెళ్లాలు అలవాటు కొద్దీ మధ్యలోకి చేరి, ఎదురుగా ఉన్న సైకిళ్ల స్టాండు వైపు తిరిగి పోట్లాడుకుంటున్నారు. ఆంటీ వెనక్కి తిరగకుండానే, “మొగుడు పక్కనే ఉన్నాడుగా, ఆ పిల్ల సైకిళ్లతో ఎందుకు పోట్లాడుతోంది?” అన్నారు. అందరం పగలబడి నవ్వాం.

నా పేజీన్నర డైలాగు దగ్గర మాత్రం చెయ్యెత్తి ఆపేశారు. “ఇది వాళ్లమ్మతో మాట్లాడటం కాదు. ఇక్కడ మాట్లాడుతున్నది నువ్వు” అన్నారు నాతో.

నాకు ఒళ్లు మండింది. తెలుగు ముక్క రాకుండా ఎలా తెలిసిందండీ అని అడిగేశాను.

“ఇంతసేపూ ఆ పిల్ల మాట మాటకీ అవతలివాళ్ల జవాబు కోసం ఆగింది. ఇక్కడికొచ్చేసరికి ఆగడం మానేసింది.”

ఆ సాయంత్రం టీ తాగుతూ వాళ్లమ్మ సంగతి చెప్పారు. చిన్న ఊళ్లో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగమట. బడి వదలగానే ఆంటీ వెళ్లి అమ్మ పక్కన కూర్చుని, ఊరి మాటలన్నీ వింటూ పెరిగారు. “బాధలో ఉన్నవాళ్లు ఫోన్‌లో ఎక్కువ అడుగుతారు, తక్కువ చెబుతారు” అన్నారు.

మా తెలుగు సంఘం కార్యదర్శి గారి ముత్తాత ఎప్పుడో కళింగపట్నం నుంచి ఓడెక్కి వచ్చినాయన. డైలాగు తీసేస్తానంటే ఆయన గుండె పట్టుకున్నారు. “ఆ స్పీచికే కదమ్మా సప్పట్లు పడేది! అదీ తీసేస్తే ఇంకేటుంటాది?” ఆయన భయమే నాదీ. నలుగురిలో నవ్వులపాలైతే? మా ఆయన్ని అడిగితే, “రాసింది నువ్వు, నీ ఇష్టం” అని చేతులు దులుపుకున్నాడు. ఉగాది రోజు పొద్దున ఆ పేజీన్నరా కొట్టేశాను.

హాల్లో ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని, “నాన్న మందులేసుకున్నాడా? మోకాలు నొప్పి తగ్గిందా? నువ్వు తిన్నావా అమ్మా?” అని అడిగి, జవాబు కోసం ఆగింది. లైట్లు ఆరిపోయాయి. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

బయటికొస్తే భోజనాల దగ్గర ఎవరూ లేరు. హాలు పక్కన పబ్లిక్ ఫోన్ ఉంది. దాని ముందు పట్టుచీరల్లో, కొత్త చొక్కాల్లో వరస కట్టి, చేతుల్లో ఫోన్ కార్డులతో జనం. కార్యదర్శి గారు, “రండమ్మా రండి, బోయినానికి రండి, మకాన్ సల్లారిపోతంది!” అని అరుస్తూ తిరుగుతున్నారు. ఒక్కరూ కదలరే! ఆంటీ నా పక్కకొచ్చి చాలాసేపు ఆ వరసనే చూశారు. “నా ఏ నాటకం మీదా ఇంత మంచి రివ్యూ ఎవరూ రాయలేదు” అన్నారు.

కాంట్రాక్టు అయిపోయి ఆవిడ వెళ్లిపోయాక, ఏది రాసినా ఫోన్‌లో తెలుగులోనే చదివి వినిపించేదాన్ని. ఎక్కడ అబద్ధమో చెప్పేవారు. తర్వాత ఆవిడకి వినికిడి పోయింది. మిషన్లు పెట్టినా లాభం లేకపోయింది. “చెవులు నాకంటే ముందే రిటైరయ్యాయి” అని టైపు చేశారు. చదివి నవ్వలేకపోయాను.

ఇప్పుడు కొత్త నాటకం ఒకటి పూర్తయింది. సింగపూర్‌లోనే ఆ మూల యీషున్‌లో ఉండే కుర్రాళ్లు వేస్తామంటున్నారు. బాగుందనే అంటున్నారు. నా పాత్రలు ఎక్కడ జవాబు కోసం ఆగడం మానేశాయో వాళ్లు చెప్పలేరు, నాకు తెలియదు. వినడానికి ఆంటీ కావాలి. ఎంత కావాలనిపిస్తోందో చెప్పలేను.

కడపటిసారి వీడియో కాల్‌లో మాట్లాడుకున్నాం. నేను కాగితం మీద పెద్దక్షరాలు రాసి చూపిస్తే ఆవిడ నోటితో జవాబు చెప్పేవారు. మధ్యలో ఇప్పుడు మేముండే యూ టీ పేట మీద వాన విరుచుకుపడింది. కిటికీ దగ్గరికి వెళ్లమన్నారు. నేనూ వానా ఇద్దరం కనపడేలా ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

“గట్టిగా కురుస్తోందా?” అని అడిగారు.

తల ఊపాను.

ఆంటీ కళ్లు మూసుకున్నారు. తల కాస్త పక్కకి వంచి వింటూ కూర్చున్నారు. వాన వెలిసేదాకా నేను ఫోన్ కదపలేదు.